నేతి బొబ్బట్ల కింద రేగిన గొడవ

ప్రశ్న: నాకు 36 ఏళ్లు. హైదరాబాద్‌లో ఉంటాను. ఐదేళ్ల కిందట మాంసంతో పాటు పాలు, పెరుగు కూడా మానేశాను. మూడేళ్ల కిందట నలుగురం కలిసి నెలకో ఆదివారం ఎవరో ఒకరి డాబా మీద మాంసం లేని వంటలతో భోజనాలు మొదలుపెట్టాం. దానికో వాట్సాప్ గ్రూపు. ఇప్పుడు అందులో 160 మంది. పుట్టుకతో శాకాహారులైన పెద్దవాళ్లున్నారు, నాలాంటి వీగన్లున్నారు, ఇంట్లో అందరూ తింటున్నా తాము మాత్రం మానేయాలని చూస్తున్న పిల్లలున్నారు.

ఉగాది రోజు ఒక పెద్దాయన నెయ్యి ఓడుతున్న బొబ్బట్ల ఫొటో పెట్టారు. ఒక కుర్రాడు దాని కిందే, తల్లి దగ్గర్నుంచి లాక్కెళ్తున్న దూడ వీడియో పెట్టి "మీరు తింటున్నది నెయ్యి కాదు, ఈ దూడ నెత్తురు" అన్నాడు. ఆయన "ఏడు తరాలుగా నీచు ముట్టని ఇల్లు మాది. నిన్నటిదాకా ముక్క లేనిదే ముద్ద దిగనివాళ్లొచ్చి మాకు అహింస నేర్పుతారా?" అన్నారు. గంటలో రెండు వందల మెసేజ్‌లు. నేను ఇద్దరివీ తీసేసి, అడ్మిన్లు తప్ప ఎవరూ రాయకుండా గ్రూపు మూసేశాను. ఆ రాత్రే ఒకమ్మాయి గ్రూపులోంచి వెళ్లిపోయింది. ఒక్క మాట కూడా అనలేదు. వాళ్లమ్మ ఊళ్లో రెండు గేదెల్ని పెట్టుకుని పాలు కేంద్రానికి పోస్తుంది. ఈ అమ్మాయి మాంసం మానేసి ఏడాది. ఎప్పుడొచ్చినా జొన్నరొట్టెలు చేసుకొచ్చేది.

పాల గురించి మాట్లాడకూడదని రూలు పెట్టనా? ఇద్దర్నీ తీసేయనా? అసలు గ్రూపే ఎత్తేయనా?
ఒక పాఠకురాలు, హైదరాబాద్

సమాధానం:

అమ్మా,

మీరడిగిన మూడూ ఆ ఇద్దరి చుట్టూనే తిరుగుతున్నాయి. నాకు మాత్రం ఉత్తరం చదువుతున్నంతసేపూ జొన్నరొట్టెల అమ్మాయే మనసులో మెదిలింది. కుర్రాడికి కోపం వచ్చింది, కక్కేశాడు. పెద్దాయనకు వచ్చింది, ఆయనా కక్కేశారు. ఆమెకు రెండు వైపుల నుంచీ తగిలింది. ఒకరు ఆమె పుట్టిన ఇంటిని అన్నారు. ఇంకొకరు, వాళ్లమ్మ తెల్లవారుజామునే లేచి పితికి పోసే పాలను నెత్తురన్నారు. కాబట్టి రూల్స్ సంగతి తర్వాత, ముందు ఆమెకు ఫోన్ చేయండి. మెసేజ్ పెట్టొద్దు, ఫోనే చేయండి. గ్రూపులోకి మళ్లీ రమ్మని అడక్కండి. "నీకెంత కష్టం కలిగిందో నాకు తెలిసింది. ఆ రాత్రే చేయాల్సిన ఫోన్ ఇది, ఆలస్యం చేశాను" అంటే చాలు. మాట్లాడితే వినండి. మాట్లాడకపోతే ఆ మౌనాన్నీ గౌరవించండి.

ఇక మీరు చేసిన పని. మంట రేగినప్పుడు నీళ్లు చల్లారు, అందులో తప్పేమీ లేదు. ఇద్దరివీ తీసేస్తే ఎవరి వైపూ మొగ్గనట్టు ఉంటుందనుకున్నారు. కానీ ఆ రెండు మాటలూ ఒక త్రాసులో తూగేవి కావు. కుర్రాడు ఒక తిండిని తప్పుపట్టాడు. మొరటుగా అన్నాడు, పండగపూట అన్నాడు, అనకూడని చోట అన్నాడు. అయినా అది మనిషి చేసే పని గురించిన మాట. ఆ పని మానుకోవచ్చు, మానుకోనని వాదించొచ్చు, ఆలోచిస్తానని ఊరుకోవచ్చు. పెద్దాయన అన్నది పుట్టుక గురించి. దానికి జవాబు చెప్పుకునే దారే లేదు. 'ఏడు తరాలు', 'నిన్నటిదాకా ముక్క తిన్నవాళ్లు' అన్న మాటల్లో ఏ కులం పేరూ లేదు. అయినా తెలుగునాట పెరిగిన ఏ చెవికైనా అందులో కులం వినబడుతుంది.

నీచు అనే మాటనే తీసుకోండి. మాంసానికి, చేపలకు, వాటి వాసనకు మనకున్న పాత పేరు అది. తెలంగాణలో నీసు అంటారు. మాంసం తినే ఇళ్లలోనూ "ఇవాళ శనివారం, నీచు వండం" అని మామూలుగా అనుకుంటారు. అక్కడ దానికి ముల్లు లేదు. అదే మాటను తిననివాళ్లు తినేవాళ్ల ముఖం మీద "మేం నీచు ముట్టం" అన్నప్పుడు, లోపలున్న 'నీచం' బయటపడుతుంది. మాట అదే అయినా, ఎవరు ఎవరితో అంటున్నారన్న దాన్నిబట్టి అది మారిపోతుంది. గ్రూపు నడిపేవాళ్లు బూతులున్నాయా లేవా అని మాత్రమే చూస్తే ఇది పట్టుబడదు. చక్కటి తెలుగులో, గారు చేర్చి మరీ మనిషిని కిందకు తోసేయొచ్చు.

నా సంగతొకటి చెబుతాను. నేను మాంసం తినే ఇంట్లో పుట్టాను. పెళ్లికి ముందే మానేశాను. కొత్త కాపురానికి ఇల్లు వెతుక్కుంటుంటే ఒక ఇంటి యజమానురాలు "మీరు వెజ్జేనా?" అని అడిగారు. "వెజ్జేనండీ" అన్నాను, నిజమే కాబట్టి. ఆవిడ సంతోషించి, కాఫీ కూడా ఇచ్చి, ఇంటిపేరు అడిగారు. చెప్పాను. మర్నాడు, ఇల్లు తమ బంధువులకే ఇస్తున్నామని కబురొచ్చింది. ఆవిడ అడిగింది నా కంచంలో ఏముందని కాదని నాకు ఆ మర్నాడే తెలిసింది. ముప్పై ఏళ్లు దాటినా ఆ కాఫీ రుచి గుర్తుంది. మీ పెద్దాయన మాట చదివి ఆ అమ్మాయి ఎందుకు మారుమాట లేకుండా వెళ్లిపోయిందో అందుకే నాకు తెలుసు.

2014లో కేంద్ర ప్రభుత్వ శాంపిల్ రిజిస్ట్రేషన్ సర్వేలో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండింటిలోనూ 98 శాతానికి పైగా మాంసాహారులని తేలింది. అంటే రేపు మీ డాబా మీదికి కొత్తగా వచ్చే ప్రతి మనిషీ దాదాపుగా ఆ 98 మందిలోంచే రావాలి. అమ్మ చేతి కోడికూరను వదులుకుని, కనుమ నాడు ఇంటిల్లిపాదీ తింటుంటే తను మాత్రం గారెలతో సరిపెట్టుకుని, "నీకేమైనా జబ్బా?" అన్న మాటలు పడి వస్తారు వాళ్లు. మీ గ్రూపులో అందరికంటే ఎక్కువ వదులుకున్నది వాళ్లే. వాళ్లను 'నిన్నమొన్నటి వాళ్లు' అనడం మీరు పెట్టుకున్న పనికే గొడ్డలిపెట్టు.

కుర్రాడి దగ్గరికి వద్దాం. అతన్ని 'గొడవ మనిషి' అని పక్కన పెట్టేయకండి. అతని మాటలో సత్తువ ఉంది, మీకూ తెలుసు, పాలు మానేసినవారు కదా. గేదె ఈనితేనే పాలు. ఈనినప్పుడల్లా ఆడదూడే పుట్టదు. ట్రాక్టర్లొచ్చాక మగదూడతో రైతుకు పని లేదు, మేపడానికి స్తోమత లేదు. పాలు సరిగా అందక చాలా దున్నదూడలు పిన్న వయసులోనే పోతాయి, మిగిలినవి సంతకు పోతాయి. వట్టిపోయిన గేదె దారీ అదే. గేదె మాంసం ఎగుమతిలో మన దేశం ప్రపంచంలోనే ముందు వరసలో ఉంది. పాడి అంత పెద్దది కాకపోతే ఆ ఎగుమతీ అంత ఉండేది కాదు. ఇదంతా తెలిసిన పాతికేళ్ల మనిషికి నెయ్యి ఫొటో కింద 'నోరూరుతోంది' అన్న మెసేజ్‌లు వరసగా కనబడితే ఒళ్లు మండడంలో వింత లేదు. "పాల గురించి మాట్లాడొద్దు" అని మీరు రూలు పెడితే, అతనికి నిజమని తోచిన దాన్ని మింగేసి కూర్చోమన్నట్టు. మర్యాద పేరుతో నోరు నొక్కడం అవుతుంది. కాబట్టి ఆ రూలు వద్దు.

అతను తప్పిన చోటు వేరే ఉంది. పండగ రోజు ఒక మనిషి తన ఇంటి సంతోషాన్ని పంచుకుంటే, దాని కింద ఆ వీడియో పెట్టి 'మీరు' అన్నాడు. పాలపరిశ్రమ మీద వాదన కాస్తా పెద్దాయన మీద నేరారోపణ అయిపోయింది. పక్కనే రెండు గేదెల మీద బతికే ఇల్లొకటి ఉందన్న ఊహ కూడా రాలేదు. ఆ తల్లికి పాల డబ్బులు పదిహేను రోజులకోసారి చేతిలో పడే సొంత డబ్బు. పాడిని ప్రశ్నించేవాళ్లు ఆమె ముఖం చూసి మాట్లాడగలగాలి. చూసినంత మాత్రాన దూడ బాధ తగ్గదు, వాదన మానుకోనూ అక్కర్లేదు. మాట్లాడే తీరు మాత్రం మారుతుంది.

ఇక్కడ మీకు పనికొచ్చే పాత సంగతొకటి ఉంది. గాంధీ 1888 నుంచి 1891 దాకా లండన్‌లో బారిస్టరు చదివారు కదా, అప్పుడు అక్కడి శాకాహార సంఘం కార్యవర్గంలో ఉండేవారు. సంఘం అధ్యక్షుడు ఆర్నాల్డ్ హిల్స్ పెద్ద ఇనుప ఓడల కర్మాగారం యజమాని. సంఘం చాలావరకు ఆయన డబ్బుతోనే నడిచేది. నీతి నియమాల విషయంలో మహా పట్టుదల మనిషి. అదే కార్యవర్గంలో ఉన్న డాక్టర్ ఆలిన్సన్, కార్మిక కుటుంబాలకు సంతాన నియంత్రణ పద్ధతులు బోధించేవాడు. అది నీతికి విరుద్ధమనీ, అలాంటివాడు సంఘంలో ఉండకూడదనీ హిల్స్ తీర్మానం తెచ్చారు. ఆ పద్ధతులు గాంధీకీ నచ్చవు. అయినా ఆలిన్సన్ వైపే నిలబడ్డారు. సంఘం పెట్టుకున్నది శాకాహార ప్రచారానికి, ఒకానొక నీతి వ్యవస్థను నిలబెట్టడానికి కాదు, కాబట్టి శాకాహారి ఎవరైనా ఇందులో ఉండొచ్చన్నది ఆయన వాదన. లేచి మాట్లాడే ధైర్యం లేక కాగితం మీద రాసుకెళ్లారు. చదవడానికీ నోరు రాలేదు. అధ్యక్షుడే వేరే ఒకరి చేత చదివించారు. ఆలిన్సన్ ఓడిపోయాడు. ఆ తర్వాత తాను కార్యవర్గం నుంచి తప్పుకున్నట్టు లీలగా గుర్తని గాంధీ ఆత్మకథలో రాసుకున్నారు.

నేను దీన్ని మీకు చెప్పడానికి కారణం, ఆ కాగితంలో ఉన్న ప్రశ్నను మీ గ్రూపు మూడేళ్లుగా వేసుకోలేదు. మీరంతా దేనికోసం కలుస్తున్నారు? పెద్దాయన దృష్టిలో అది శుచిగా తినేవాళ్ల సమూహం. కుర్రాడి దృష్టిలో జంతువుల కోసం పోరాడే దళం. ఆ అమ్మాయికి, మానేయడంలో తోడు దొరికే చోటు. ముగ్గురూ మూడు వేర్వేరు గ్రూపుల్లో ఉన్నామనుకుంటూ ఒకే గ్రూపులో ఉన్నారు. ఇది తేల్చకుండా ఎన్ని రూల్స్ రాసినా గోడకు చెప్పినట్టే.

తేల్చాల్సింది మీరూ, మొదట మీతో చేరిన ఆ ముగ్గురూ. నన్నడిగితే ఇలా రాస్తాను: "జంతువులకు హింస తగ్గాలని కోరుకునేవాళ్లం ఇక్కడ కలుస్తాం. మాంసం, పాలు లేకుండా వండడం నేర్చుకుంటాం, కలిసి తింటాం. ఎవరు ఏ ఇంట్లో పుట్టారు, ఎప్పుడు మానేశారు, ఎంతవరకు మానేశారు అన్నదాన్నిబట్టి ఇక్కడ ఎవరూ ఎక్కువ కాదు, తక్కువ కాదు." దీనికి ఒప్పుకునేవాళ్లు ఉంటారు, ఒప్పుకోనివాళ్లు వెళ్తారు. అలా వెళ్లడంలో అవమానం ఏమీ లేదు. వీగన్ అన్న మాట పుట్టిందే అలా. ఇంగ్లండులో శాకాహార సంఘం తన పత్రికలో పాలు మానేసినవాళ్ల కోసం కాస్త చోటివ్వనంది. 1944 నవంబరులో డోనాల్డ్ వాట్సన్, మరికొందరు వేరుపడి సొంత సంఘం, సొంత చిన్న పత్రిక పెట్టుకున్నారు. వెజిటేరియన్ స్పెల్లింగులో మొదటి మూడు అక్షరాలు, చివరి రెండు కలిపి కొత్త పేరు కట్టుకున్నారు. మీ కుర్రాళ్లు రేపు పాల మీద ఉద్యమానికి వేరే గ్రూపు పెట్టుకుంటామంటే పెట్టుకోనివ్వండి. ఆదివారం భోజనానికి మాత్రం పిలవడం మానకండి.

పాల గొడవకు నాకు తోచిన ఉపాయం ఇది. మాటల్లో పాలను నిషేధించకండి. డాబా మీద వడ్డించే వంటలు మాత్రం పాలు లేకుండా చేసుకోండి. కారణం ఎవరి పవిత్రతా కాదు, అలా చేస్తే ఆకు ముందు కూర్చున్న ఎవరూ ఏదీ వద్దని పక్కకు నెట్టక్కర్లేదు. మన వంటకు ఇదేమంత కష్టం? పులిహోర, గోంగూర పచ్చడి, ఆవపెట్టిన పనసపొట్టు కూర, కంద బచ్చలి, పచ్చిపులుసు, సకినాలు, నువ్వుల ఉండలు. వీటిలో ఏ ఒక్కదానికీ పాలచుక్క అక్కర్లేదు. ముద్దపప్పులో నువ్వుల నూనె వేసుకు తిన్నవాళ్లకు ఆ రుచి తెలుసు. చిక్కంతా చివర్లో పెరుగన్నం దగ్గరే. పల్లీలు నానబెట్టి, రుబ్బి, పాలు తీసి తోడుపెట్టడం నేర్చినవాళ్లు మీలో ఉండే ఉంటారు. వాళ్ల చేత చేయించండి. మొదట్లో కొందరికి నచ్చదు, అదేం పెద్ద విషయం కాదు. జైనులు వస్తుంటే వాళ్లకు కంద, ఉల్లి, వెల్లుల్లి పనికిరావు, గిన్నె మీద చీటీ అంటించండి. ఇంట్లో ఎవరేం తింటున్నారన్నది డాబా మెట్ల కిందే వదిలేయాలి.

"పాలు తాగేవాళ్లు అసలు శాకాహారులేనా", "వీగన్లది వేషం" లాంటి పేచీలు కూడా మీ దగ్గర నడుస్తూనే ఉంటాయి. ఆహార భద్రతా ప్రాధికార సంస్థ లెక్కలో ఆకుపచ్చ చుక్క ఉన్న పొట్లంలో పాలుండొచ్చు, తేనె ఉండొచ్చు. వీగన్ ఆహారానికి 2022లో విడిగా నిబంధనలు, వేరే గుర్తు వచ్చాయి. రెండూ రెండు దారులని పొట్లాల మీదే తేలిపోయింది, ఇంక ఎవరు అసలు ఎవరు నకిలీ అన్న పంచాయితీ మీకెందుకు? ఈ మాట ఒకసారి చెప్పి ముగించండి.

పాల చర్చకు ఒక వేళ, ఒక చోటు ఏర్పాటు చేయండి. నెల భోజనమయ్యాక గంటసేపు, ఎదురెదురుగా కూర్చుని. ఫోన్‌లో దొర్లే మాటలు ముఖం ఎదుట సగం కూడా రావు. కుర్రాడినే మొదలుపెట్టమనండి, దూడల సంగతి అంకెలతో, తను చూసినదానితో చెప్పమనండి. అతను చెప్పేటప్పుడు ఎవరూ అడ్డు రావొద్దు. పాడి ఇళ్ల నుంచి వచ్చినవాళ్లు ఇష్టమైతే మాట్లాడతారు. ఒకవేళ ఆ అమ్మాయి తిరిగొచ్చినా "మీ అమ్మ తరఫున నువ్వు చెప్పు" అని ముందుకు తోయకండి. ఆమె ఎవరి తరఫునా సాక్షి కాదు. గాంధీ సంగతి అక్కడ ఎవరైనా ఎత్తితే మంచిదే. ఆయన ఆవు, గేదె పాలను మనసులో పెట్టుకుని పాలు ముట్టనని ప్రతిజ్ఞ చేసి, 1918లో ప్రాణం మీదికొచ్చిన జబ్బులో మేకపాలు తాగారు. ప్రతిజ్ఞలో అక్షరాన్ని నిలుపుకుని ఆత్మను చంపుకున్నానని తర్వాత బాధపడ్డారు. అంతటి మనిషే పాల దగ్గర తడబడ్డారని తెలిస్తే రెండు వైపులవాళ్లూ కాస్త నెమ్మదిస్తారు.

గ్రూపులో హింస వీడియోలు పెట్టాలంటే ముందు ఒక లైను హెచ్చరిక రాసి, విడిగా పెట్టాలి. ఎవరి ఫొటో కిందా, ఎవరి పేరూ ఎత్తి పెట్టకూడదు. ఆరోగ్యం గురించిన ఫార్వర్డ్‌లలో గట్టిగా ఉండండి. 'ఈ తిండితో షుగరు పోతుంది, క్యాన్సరు కరుగుతుంది' అన్నవి వెంటనే తీసేయండి. పాలు కూడా మానేసినవాళ్లు విటమిన్ బి12 బిళ్లలు వేసుకోవాలి, చిన్నపిల్లల విషయం డాక్టరును అడగాలి. ఈ రెండు మాటలే గ్రూపులో పైన కనబడేలా పెట్టండి. ఏదైనా మెసేజ్ తీసేస్తే ఎందుకు తీశారో ఒక వాక్యంలో చెప్పండి. చెప్పకపోతే ఎవరికి తోచిన కథ వాళ్లు అల్లుకుంటారు, ఇప్పుడు మీ గ్రూపులో జరుగుతున్నది అదేనని నా అనుమానం. ఇంకొక అడ్మిన్‌ను పెట్టుకోండి, మాంసం తినే ఇంటి నుంచి వచ్చినవాళ్లయితే మరీ మంచిది. మీరూ ఐదేళ్ల కిందటిదాకా తిన్నవారే అయినా, మీ ఒక్కరికి వినబడనిది వాళ్లకు వినబడొచ్చు.

ఇప్పుడు కష్టమైన పని. పెద్దాయన ఇంటికి మీరే వెళ్లండి. ఫోన్‌లో వద్దు, ఒక్కరే వెళ్లండి. "బాబాయి గారూ, పండగపూట ఆ వీడియో పెట్టడం తప్పు, ఆ మాట వాడితో చెప్పాను, వాడు మీకు క్షమాపణ చెప్తాడు" అని మొదలుపెట్టండి, నిజంగా చెప్పించాకే. ఆయన నొప్పి ఆయనకుంది. ఇన్నేళ్లూ ఎవరికీ హాని చేయకుండా బతికాననుకున్న మనిషిని ఒక కుర్రాడు హంతకుడన్నట్టు మాట్లాడాడు. ఆ నొప్పిని పూర్తిగా విన్నాక ఈ మాట చెప్పండి: "మీరన్న మాట మాత్రం వెనక్కి తీసుకోవాలి. నెయ్యి మీద మీ వాదన అట్లాగే ఉంచుకోండి, ఏడు తరాలన్న మాట ఒక్కటి ఉండకూడదు." తెలియక అన్నవాళ్లయితే తటాలున ఒప్పుకుంటారు. ఒప్పుకుంటే ఆయనకో పని అప్పజెప్పండి. పనసపొట్టు కొట్టడం, ఆవ నూరి పాళ్లు కుదర్చడం పిల్లలకు నేర్పమనండి.

ఒప్పుకోకపోతే, పెద్దాయన కదా అని ఊరుకోకండి. ఇంకోసారి పుట్టుక మాట ఎత్తితే తీసేస్తానని అక్కడే చెప్పండి, ఎత్తిన రోజు తీసేయండి. ఆయనతో పాటు ఇంకో పదిమంది వెళ్లినా వెళ్లనివ్వండి. కుర్రాడు క్షమాపణ చెప్పాల్సింది ఆ చోటుకూ, ఆ మాటకూ. తన అభిప్రాయానికి క్షమాపణ చెప్పమని ఒత్తిడి చేయకండి.

గ్రూపు ఎత్తేయొద్దు. పైన రాసిన మూడు వాక్యాలతో, ఆ రోజు జరిగిందానిలో మీ పొరపాటు కూడా కలిపి ఒక చిన్న మెసేజ్ రాసి తెరవండి. రాబోయే కార్తీకంలో వనభోజనం పెట్టుకోండి. మన ఊళ్లలో కార్తీక వనభోజనాలు ఏ కులానికా కులం విడివిడిగా బ్యానర్లు కట్టుకుని జరుపుకోవడం ఆనవాయితీ అయిపోయింది. ఆ నెల అంతా మాంసం మానేసే ఇళ్లు మన దగ్గర వేలకు వేలు. ఉసిరిచెట్టు కింద అందరూ ఒకే బంతిలో కూర్చునే వనభోజనం ఒకటి మీవాళ్లు పెడితే, మీకు 160 మంది కాదు, ఇంకా చాలామంది దొరుకుతారు.

ఆ అమ్మాయికి ఫోన్ మాత్రం ఇవాళే చేయండి. వస్తానంటే జొన్నరొట్టెలు తెమ్మనకండి. ఈసారి ఆమెకు మీరే ఏదైనా వండిపెట్టండి.